ఆవిరి చోటు

చిట్టి పిచ్చుకా,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి, అందరం అంటే ఇప్పుడు ఎవరెవరం అని కాసేపు ఆగాను. నేను క్షేమం. మేడ మీది ముసలాయన క్షేమం. ఆయన దగ్గు కూడా క్షేమంగానే ఉంది, రోజూ తెల్లవారకముందే నన్ను లేపుతోంది. నువ్వూ, నీ గదిలో ఉండే ఆ ఇద్దరు పిల్లలూ క్షేమంగా ఉన్నారని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. జవాబు రాయలేదని కోపం తెచ్చుకోకు. నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ చింపేశాను. నా రాత సంగతి నీకు తెలుసు కదా, రెండో తరగతి చదువు. ఒక మాట కాగితం మీద పెట్టేలోపు దాని వెనకాల నిలబడ్డ నాలుగు మాటలు విసుగొచ్చి వెళ్ళిపోతాయి. తప్పులు సర్దుకుని చదువుకో.

నువ్వడిగినవాటికి వరసగా చెప్తాను. మోకాలు పర్వాలేదు, మెట్లు దిగేటప్పుడు మాత్రమే తన ఉనికి చెప్తోంది. వంటింటి కుళాయి బాగుచేయించాను. ఇప్పుడు చుక్క కూడా కారడం లేదు. కారినన్నాళ్ళూ విసుక్కున్నాను కానీ, ఆ చప్పుడు పోయాక ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది. నువ్వు పంపిన కళ్ళద్దాలు సరిగ్గా సరిపోయాయి. మా చిన్నది తన చేత్తో అరగదీసిన అద్దాలు అని, లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలరు దగ్గర ఉండే మన రోలరమ్మకు చూపించాను. ఆవిడ లాక్కుని పెట్టుకుని నన్నే చూసి, "ఏమిటి వదినా, నీ మొహం ఇన్ని ముడతలుగా ఉంది, రోలర్లోంచి ఒకసారి తీయనా" అంది. నవ్వొచ్చింది. నాలుగు నెలల్లో నవ్వడం అదే మొదలని ఇంటికొచ్చాక గుర్తొచ్చి ఆ నవ్వు మీద సిగ్గేసింది.

ఇక మిగిలినవి రెండు ప్రశ్నలు. అన్నయ్య వంతు ఇప్పటికీ పిలుస్తున్నారట నిజమేనా అని ఒకటి. ఆ రోజు అభ్యంతరం చెప్పిందెవరు, ఆ పేరు తెలిసేదాకా నేను మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కను, తెలిస్తే వచ్చి ఆ మనిషి మొహంలోకి చూసి ఒక్క మాట అడిగిపోతాను అని రెండోది. మొదటిదానికి ముందు చెప్తాను. రెండోదానికీ ఈ ఉత్తరంలోనే జవాబుంది. ముందుకు దాటేసి చూడకుండా, వరసగా చివరిదాకా చదువు.

ఈ కొత్త పద్ధతి నువ్వు ఉద్యోగానికి వెళ్ళాక వచ్చింది, అందుకని నీకు సరిగా తెలియదు. నీకు తెలిసిన లాండ్రీలో సూపర్వైజరు అరిచేవాడు, మేం తిట్టుకుంటూ చేసేవాళ్ళం. ఆసుపత్రుల దుప్పట్లు పొద్దున మాసినవి వచ్చేవి, సాయంత్రం మడతలై వెళ్ళేవి. అంతే కదా. దాదాపు రెండేళ్ళ కింద యజమాని ఒకాయన్ని తీసుకొచ్చాడు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడతాడు, ఎవరినీ నువ్వు అనడు. పని జరిగే తీరు మీద పెద్ద చదువు చదివాడట. రాగానే మమ్మల్నందరినీ గుండ్రంగా నిలబెట్టాడు. ఆ రోజు నుంచి ఆయన మాకు గుండ్రం మాస్టారు. వెనకాల అనేవాళ్ళం, ఆయనకు తెలిసి ముందరే అనమన్నాడు.

ఆయన చెప్పింది ఏమిటంటే, ఇక మీదట ఈ లాండ్రీకి పైవాడు లేడు, కిందవాడు లేడు. మనుషులు కూడా లేరు. ఉన్నవి చోట్లు. మాసినవి విడదీసే చోటు, ఉతికే చోటు, ఆవిరి చోటు, రోలరు, మడత బల్ల, బండి, ఇలా పన్నెండు. ఒక్కో చోటుకి ఒక కార్డు, నాకు మడత బల్లది, అన్నయ్యకు బాయిలరు ఉన్న ఆవిరి చోటుది. ఆ చోటు ఎందుకుందో దాని మీద రాసి ఉంటుంది. పొద్దున్నే కార్డు మెడలో వేసుకుని గుండ్రంలో నిలబడితే నువ్వు నువ్వు కాదు, నీ చోటువి. ఏమన్నా మార్పు కావాలంటే ఎవరైనా అడగొచ్చు. అందరినీ వరసగా అభ్యంతరం ఉందా అని అడుగుతారు. ఎవరికీ లేకపోతే అది జరిగిపోతుంది. ఒక్కరు ఉందన్నా, ఆ కారణం తన కార్డులో ఉన్నదైతే, ఆగిపోతుంది. మళ్ళీ వారం అడగాలి. పుస్తకంలో అభ్యంతరం వచ్చింది అని రాస్తారు తప్ప ఎవరిదో రాయరు. మనుషుల మధ్య పగలు ఉండకూడదని.

సూపర్వైజరుని చూస్తే జాలేసేది. ఆయనకు విడదీసే చోటు ఇచ్చారు. అరవడానికి నోరు తెరిచి, కార్డు చూసుకుని, మళ్ళీ మూసుకునేవాడు. కానీ నిజం చెప్పాలి, మొదట్లో బాగానే ఉండేది. టీ వేళ మార్చుకున్నాం. బరువు బుట్టలకు చక్రాలు పెట్టించుకున్నాం. ఇరవై ఏళ్ళుగా అడగనివి అడిగాం. "లాండ్రీ ఒక ప్రాణి అమ్మా, గోడలూ మిషన్లూ కాదు. అది ఏం చెబుతోందో వినడమే మన పని" అనేవాడు మాస్టారు. అన్నయ్య ఇంటికొచ్చి ఆయన గొంతుతో చేసి చూపించేవాడు. "అమ్మా, ఈ కంచం ఒక ప్రాణి, అది ఏం చెబుతోందో విను. మళ్ళీ వడ్డించమంటోంది" అనేవాడు.

అన్నయ్య పోయాక ఆవిరి చోటుకి ఎవరూ రాలేదు. పాత బాయిలరు గొట్టాన్ని గోడ దగ్గర కోసేశారు. బయట రేకుల షెడ్డులో చిన్న బాయిలరు ఒకటి అద్దెకు తెచ్చిపెట్టారు, దాన్ని చూసుకునే మనిషి దానితోపాటే వస్తాడు, దానితోపాటే పోతాడు, గుండ్రంలోకి రాడు. అన్నయ్య కార్డు ఒక స్టూలు మీద పెట్టి, ఆ స్టూలు గుండ్రంలో వాడు నిలబడే జాగాలోనే ఉంచారు. చోటు చచ్చిపోదమ్మా, ఖాళీ అవుతుంది అంతే, అన్నాడు మాస్టారు. అందరినీ అడుగుతూ ఆ స్టూలు దగ్గరికి రాగానే ఆవిరి చోటు ఏమంటోంది అని అడిగేవాడు. మనసులో పది లెక్కపెట్టి తర్వాతివాళ్ళ దగ్గరికి వెళ్ళేవాడు. మర్యాద కోసం అనుకున్నాను. నాకు కూడా కాస్త ఊరటగానే ఉండేది. నా బిడ్డని తీసేయలేదు కదా అని.

స్టూలు పెట్టిన నాలుగో రోజో అయిదో రోజో, సబ్బు పొడి మార్చే మాట వచ్చింది. కొత్త పొడి. అందరూ లేదు లేదు అన్నారు. స్టూలు దగ్గర మాస్టారు పది లెక్కపెడుతున్నాడు. అప్పుడు గొట్టం మోగింది. ఒక్కసారి.

నీకు తెలుసో లేదో, ఆవిరి వదిలేముందు అన్నయ్య పానాతో గొట్టం మీద కొట్టేవాడు. మిషన్ల మోతలో మాట వినపడదు కదా. రెండు దెబ్బలంటే వదులుతున్నాను, అంతా సరే. ఒక దెబ్బంటే ఆగండి, రోలరు మీద చేతులు తీయండి. ఒక దెబ్బ వినపడితే రోలరమ్మ చేతులు వాటంతటవే వెనక్కి వచ్చేసేవి. ఆ రోజు కూడా వచ్చేశాయి. మిషన్లు ఇంకా వేయలేదు, ఆవిడ గుండ్రంలో ఊరికే నిలబడి ఉంది, అయినా చేతులు గుండెల మీదకు వచ్చేశాయి.

అటు గోడ దగ్గర కోసేసిన గొట్టం అది. అందులో ఆవిరి లేదు, నీళ్ళు లేవు. ఎలకేమో అన్నాడు బండి బాబాయి, అంటే మా వ్యాను నడిపేవాడు. ఎలక పానా పట్టుకుంటుందా అని రోలరమ్మ అడిగింది. ఎవరూ నవ్వలేదు. మాస్టారు మాత్రం తన చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుని, ఆవిరి చోటు ఆగమంటోంది, వచ్చే వారం చూద్దాం అన్నాడు. ఆ వారంలోనే బండి బాబాయి ఎక్కడో విని వచ్చాడు, ఆ పొడి వాడిన ఇంకో లాండ్రీలో ఆడవాళ్ళ చేతులు బొబ్బలెక్కాయని.

ఇక అక్కణ్ణుంచి చూడు పిచ్చుకా. అందరూ ఆవిరి చోటుని అడగడం మొదలుపెట్టారు. అడిగిన ప్రతిదానికీ మోగదు. మోగినప్పుడు మాత్రం ఒక్క దెబ్బే. ఆ పని ఆగిపోతుంది. బండి దారి మార్చాలా, సెలవులు ఎవరికి ముందు, కిటికీకి కొత్త తెర వేయాలా వద్దా, అన్నీ. సూపర్వైజరు తన పిల్ల పెళ్ళి సంబంధం సంగతి స్టూలు ముందు గొణుగుతుంటే నేను చూశాను. చూసీ చూడనట్టు దుప్పటి మడతపెట్టుకున్నాను. బతికుండగా అన్నయ్యని ఏరా అని పిలిచి, టీ తెమ్మనేవాళ్ళు, ఇప్పుడు స్టూలు పక్కనుంచి వెళ్ళేటప్పుడు చెప్పులు చప్పుడు కాకుండా నడిచేవారు. మాస్టారి పుస్తకం నిండిపోయి రెండోది కొన్నాడు. "మనుషులు పోయినా సంస్థకు జ్ఞాపకం ఉంటుందని చదివాను, ఇలా కళ్ళారా చూస్తాననుకోలేదు" అన్నాడు నాతో. నన్ను ఓదార్చాననే అనుకున్నాడు పాపం.

ఇంకొకటి జరుగుతోంది. ఇది ఎవరికీ చెప్పలేదు. కార్డులు తీసేశాక కూడా అందరం చోట్లలాగానే మాట్లాడుతున్నాం. బస్సు కోసం నిలబడి రోలరమ్మ, "ఇవాళ రోలరుకి నడుం విరిగిపోతోంది వదినా" అంది. మాట తప్పిందేమో అనుకుని మొహం చూశాను. ఆవిడకు తెలియనే తెలియదు. మొన్నామధ్య మేడ మీది ముసలాయన తిన్నావా అమ్మా అని అడిగితే, మడత బల్లకి ఆకలి లేదు అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చింది. ఆయనకు చెముడు కాబట్టి సరిపోయింది. తలుపేసుకుని అద్దంలో చూసుకుని, నేను మీ అమ్మని, నేను మీ అమ్మని అని పైకే అనుకున్నాను. పొయ్యి దగ్గర కూర్చుంటే మధ్యలో ఆగి పది లెక్కపెడుతున్నాను, ఎందుకో నాకే తెలియదు. పది అయ్యాక గిన్నెలో గరిటె తిప్పుతాను.

ఒక రోజు ఎవరూ రాకముందు స్టూలు మీది కార్డు తుడుద్దామని చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది. మెడలోంచి అప్పుడే తీసి పెట్టినట్టుగా. ఎండ పడే జాగా కాదది.

కాబట్టి నీ మొదటి ప్రశ్నకు జవాబు, నిజమే. ఇప్పటికీ పిలుస్తున్నారు. పిలవడం కాదు, వాడు చెప్పినట్టే నడుచుకుంటున్నారు.

ఇక పోయిన సోమవారం సంగతి. అద్దె బాయిలరు చాలడం లేదు, పాతదాన్ని బాగుచేశారు, మళ్ళీ కలుపుదాం అని యజమాని తరఫున మాస్టారు గుండ్రంలో పెట్టాడు. బాగుచేశారంటే పగిలినచోట అతుకేశారు. అదే బాయిలరు. వరసగా అడిగాడు. విడదీసే చోటు, లేదు. ఉతికే చోటు, లేదు. స్టూలు దగ్గరికి వచ్చాడు. మిగిలిన పదకొండు మందిమి గొట్టం వైపు తిరిగాం. ఒక్క దెబ్బ పడుతుంది, ఆగిపోతుంది అని నేను ఎంత నమ్మకంగా ఉన్నానంటే, దాని కోసం చెవి ముందుకు పెట్టి నిలబడ్డాను. మాస్టారు పది లెక్కపెట్టాడు. ఇంకో పది కూడా లెక్కపెట్టాడు. ఏమీ మోగలేదు.

అందరి భుజాలూ ఒక్కసారి దిగాయి. ఆవిరి చోటే ఒప్పుకుంది, ఇక మనకేమిటి అన్నట్టు. రోలరు, లేదు. మిగతావాళ్ళూ లేదు లేదు అంటూ వస్తున్నారు. నా వంతు దగ్గరపడుతోంది.

ఇక్కడ ఆగాలి పిచ్చుకా. ఈ ముక్క రాయడానికే పన్నెండు రోజులు పట్టింది.

ఆ రోజు అభ్యంతరం చెప్పింది నేనే.

ఉత్తరం కింద పడేయకు. జరిగింది జరిగినట్టు రాస్తాను. నన్ను నేను వెనకేసుకురావడానికి కాదు, నువ్వు అడిగావు కాబట్టి.

ఏడాదిన్నరలో నేను గుండ్రంలో లేదు అన్న మాట తప్ప ఇంకో మాట అనలేదు. ఏమనాలో తెలిసేది కాదు. ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ ఏమంటావు అని అడగలేదు కదా, అడిగితే నోరు ఎండిపోయేది. దానికి వారం ముందు మాస్టారు అందరి ముందూ, మంచిగానే, నవ్వుతూనే అన్నాడు. మడత బల్ల ఎప్పుడూ మాట్లాడదు, మాట్లాడని చోటు ఉన్నా లేనట్టే, అని. ఇంటికొచ్చి అన్నయ్యకు చెప్పుకుని బాధపడ్డాను. వాడు అన్నం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, నా కార్డు తెచ్చి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివించాడు. ఆసుపత్రికి వెళ్ళే మడతలు ఏ ఒక్క రోజూ ఆగకుండా చూడడం ఈ చోటు బాధ్యత. వారం రోజులు రోజూ చదివించాడు. చూడకుండా చెప్పేదాన్నయ్యాను. ఇది నీ బలం అమ్మా, దీన్ని పట్టుకుని ఎవరినైనా అడ్డుకోవచ్చు నువ్వు, అన్నాడు.

ఆ మంగళవారం వాడే గుండ్రంలో అడిగాడు. బాయిలరు సేఫ్టీ వాల్వు పట్టేస్తోంది, మీటరు ముల్లు అబద్ధం చెబుతోంది, రెండు రోజులు ఆపి విప్పాలి అని. ఆ ముల్లు సంగతి ఇంట్లో రెండుసార్లు నాతో అన్నాడు. నాకు తెలుసు. తెలియదని నీకు అబద్ధం రాయను. కానీ నా వంతు వచ్చేసరికి నా తలలో ఆ ముల్లు లేదు, వాడు కూడా లేడు. కార్డు మీది ముక్క ఒక్కటే ఉంది. రెండు రోజులు ఆపితే మడతలు ఆగుతాయి కదా. ఏ ఒక్క రోజూ ఆగకూడదు కదా. దొరికింది నాకు మాట. మడత బల్లకి అభ్యంతరం ఉంది, అన్నాను. కార్డులో ఉన్నది గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

అందరూ నావైపు తిరిగారు. మాస్టారి మొహం వెలిగిపోయింది. మంచి అభ్యంతరం, చాలా మంచి అభ్యంతరం అన్నాడు. నాకు ఒళ్ళంతా ఏదోలా అయింది, సంతోషమే అది. అన్నయ్య వైపు చూశాను. వాడు నవ్వుతున్నాడు పిచ్చుకా. తనని ఆపేశానని కాదు, అమ్మ మాట్లాడిందని. వాడు కావాలంటే వాదించొచ్చు. ప్రమాదం అని ఒక్క మాట గట్టిగా అంటే మాస్టారు వినేవాడే. వాడు అనలేదు. నా మొదటి మాటని నలుగురిలో కొట్టేయడానికి వాడికి మనసొప్పలేదు. సాయంత్రం నడిచి వస్తుంటే, "భలే చెప్పావే అమ్మా, వచ్చే మంగళవారం మళ్ళీ అడుగుతాలే" అన్నాడు.

సోమవారం అది పగిలింది.

విచారణకు వచ్చిన తనిఖీ ఆయన అడిగాడు, ఆపుదామంటే వద్దన్నదెవరు అని. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి అడిగాడు. అందరూ ఒకటే చెప్పారు, ఎవరూ కాదు సార్, గుండ్రం ఒప్పుకోలేదు, అని. నన్ను కాపాడారు. నన్ను కూడా పిలిచాడు. నేనూ అదే చెప్పాను. బయటికొస్తే రోలరమ్మ నన్ను పట్టుకుని, అది నువ్వు కాదు వదినా, మడత బల్ల, అంది. మాస్టారు అదే అన్నాడు. సూపర్వైజరు అదే అన్నాడు. ఎంతమంది అన్నారంటే, కొన్నాళ్ళకు నాకూ నిజమే అనిపించింది. నువ్వొచ్చిన ఆ మూడు రోజులూ నా ఒళ్ళో తల పెట్టి ఎవరమ్మా, ఎవరు వద్దన్నారు అని ఏడుస్తుంటే నీ జుట్టు నిమిరాను. నిమిరింది ఎవరో, ఆ చేతులు ఎవరివో, నాకు ఇప్పటికీ అంతుపట్టడం లేదు.

ఇప్పుడు పోయిన సోమవారానికి వస్తాను. మాస్టారు నా ముందుకు వచ్చి, మడత బల్ల ఏమంటోంది అని అడిగాడు. కార్డులో చూస్తే ఏముంది, పాత బాయిలరు కలిస్తే మడతలు ఇంకా బాగా సాగుతాయి. మడత బల్లకి అభ్యంతరం ఉండడానికి వీల్లేదు. గొట్టం వైపు చూశాను. ఇంకా సమయముంది నాయనా, ఒక్క దెబ్బ కొట్టు అని లోపల్లోపల వేడుకున్నాను. నిశ్శబ్దం. నాలుగు నెలలుగా దేనిదేనికో మోగింది, దీనికి మోగలేదు. అప్పుడనిపించింది, వాడు చెప్పాల్సింది వాడు ఆ మంగళవారమే చెప్పేశాడు. మళ్ళీ చెప్పడు. ఇది నా వంతు.

కార్డు తీసి బల్ల మీద పెట్టాను. "మడత బల్లకి లేదండీ. నాకుంది" అన్నాను.

మాస్టారు నెమ్మదిగా, కార్డు లేకుండా గుండ్రంలో మాట్లాడడానికి లేదమ్మా, మీరు ఏ చోటు నుంచి మాట్లాడుతున్నారు అని అడిగాడు. గుండ్రం మధ్యలోంచి నడిచి వెళ్ళి స్టూలు పక్కన, వాడి జాగాలో నిలబడ్డాను. ఎన్నడూ అక్కడ నిలబడలేదు నేను. అక్కణ్ణుంచి చూస్తే ఎదురుగా కనపడేది మడత బల్లే. ఇంకేమీ కాదు. ఏడాదిన్నర పాటు రోజూ పొద్దున వాడు చూసింది నా మొహమే.

"ఇక్కణ్ణుంచి" అన్నాను. తర్వాత అంతా చెప్పాను. వాడు ఆపుదామన్నాడు, వద్దన్నది నేను, వాడి అమ్మని, ముల్లు సంగతి తెలిసే అన్నాను, తనిఖీ ఆయనకు అబద్ధం చెప్పాను, అని. మాస్టారు ఎప్పటిలాగే, అది మీరు కాదమ్మా, అన్నాడు. నేనన్నాను, "వద్దన్నది మడత బల్ల అయితే బాబూ, ఏడవాల్సింది కూడా అదే కదా. అది ఏడవడం లేదు. నేనే ఏడుస్తున్నాను."

సూపర్వైజరు తన కార్డు తీసి చేతిలో పట్టుకుని, "ముల్లు పట్టేయడం నేనూ చూశానమ్మా. నా చోటు కాదు కదా అని ఊరుకున్నాను" అన్నాడు. ఇరవై ఏళ్ళు మా మీద అరిచిన మనిషి, ఆ మాట వినీ వినపడనట్టు అన్నాడు. రోలరమ్మ తల దించుకుని తన చేతులు చూసుకుంటోంది. బండి బాబాయి బయటికి వెళ్ళిపోయాడు.

పడకుండా నిలబడాలని గొట్టం మీద చెయ్యి వేశాను. అది వెచ్చగా ఉంది. అందులో ఆవిరి లేదని నీకు ముందే రాశాను. చేతిని కాల్చే వేడి కాదు. ఇంతసేపూ ఎవరో పట్టుకుని ఉండి, నేను పట్టుకున్నాక వదిలినట్టుగా ఉంది. నా చేతి కిందే మెల్లమెల్లగా చల్లబడింది. అప్పటినుంచి ఇవాళ్టిదాకా అది మోగలేదు. రోజూ వింటున్నాను.

పాత బాయిలరు కలపలేదు. గుండ్రంలో జరిగినవి పుస్తకంలోకి ఎక్కించే పిల్ల ఆ రోజు ఎప్పటిలా రాయకుండా, అభ్యంతరం చెప్పిన మనిషి పేరు, అంటే నా పేరు, రాసి, నాతో సంతకం పెట్టించుకుంది. మర్నాడు మాస్టారు నన్ను పక్కకు పిలిచి, ఆవిరి చోటు మీరు తీసుకోండమ్మా, ఆ చోటే మిమ్మల్ని పిలిచింది, అన్నాడు. ఆయన మంచివాడే పిచ్చుకా, ఆయన మీద కోపం పెట్టుకోకు, మమ్మల్ని మాట్లాడనిచ్చిన మొదటి మనిషి ఆయనే. కానీ ఆ కళ్ళలో ఇంకా ఆయన రాసుకునే ఆ చిన్న పుస్తకమే కనపడింది. నాకు బాయిలరు పని రాదు బాబూ, వచ్చినవాణ్ణి పెట్టండి, కన్నవాళ్ళు పెట్టిన పేరు ఉన్నవాణ్ణి, ఆవిరి ఆపాలని వాడికి అనిపిస్తే ఎవరినీ అడగకుండా వాడే ఆపేయాలి, అన్నాను. గుండ్రంలో పెట్టారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. స్టూలు తీసేశారు. కార్డు నాకిచ్చారు, బీరువాలో నీ పాత గౌను కింద పెట్టాను. ఇప్పుడు చల్లగానే ఉంది.

ఎల్లుండి తనిఖీ ఆయన ఆఫీసుకి వెళ్తున్నాను, ముందు చెప్పింది అబద్ధమని చెప్పి రాసివ్వడానికి. రోలరమ్మ తోడొస్తానంది. ఏం చేస్తారో తెలియదు. ఏం చేసినా పర్వాలేదు. నీకు చెప్పకుండా అక్కడ చెప్పకూడదనే ముందు ఈ ఉత్తరం రాస్తున్నాను.

నువ్వడిగిన పేరు ఇదీ. వచ్చి మొహంలోకి చూసి ఒక్క మాట అడిగిపోతానన్నావు కదా. రా. అడుగు. ఎదురుగా కూర్చుంటాను, ఏ కార్డూ వేసుకోను. నీకు రావాలనిపించకపోతే మానెయ్, ఉత్తరం రాయాలనిపించకపోయినా మానెయ్. వాణ్ణి నేను అడ్డుకున్నట్టు నిన్ను అడ్డుకోను. వాడి నవ్వు ఒక్కటే నాకు అర్థం కావడం లేదు. తిట్టి పోయినా బాగుండేది.

నువ్వు కోపంలో ఉంటే అన్నం మానేస్తావు, చిన్నప్పటినుంచీ అంతే. నా మీద ఎంత కోపమైనా ఉంచుకో, దాన్ని కడుపు మీద మాత్రం చూపించకు.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ

ఈ ఉత్తరం చేరేసరికి పనినుంచి వచ్చి ఉంటావు. ముందు కడుపునిండా తిను తల్లీ.